అమ్మ చెట్టు, నైలాన్ మేజోడు

"ఆ ఉప్పు ఇటు జరపమని మీ అమ్మాయితో చెప్పు," అన్నాడు డంకన్.

ఉప్పు సీసా లరీసా మోచేతి పక్కనే ఉంది. లరీసా తండ్రికి ఎదురుగానే కూర్చుంది. ఇద్దరి మధ్యా వెన్న తేలుతున్న బోర్ష్ సూపు గిన్నె తప్ప అడ్డేమీ లేదు. అయినా మాట పాలీ మీదుగా వెళ్ళాల్సిందే. సోమవారం సభ అయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఫోన్లు కూడా పాలీ మీదుగానే నడిచాయి. నిన్న కూతురు వాంకూవర్ నుంచి కారేసుకుని వచ్చి ఇంట్లో దిగాక కూడా అదే తంతు.

"బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించుకోవాలని మీ ఆయనతో చెప్పమ్మా," అంది లరీసా.

పాలీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఉప్పు సీసా తెచ్చి మొగుడి ముందు పెట్టింది. మళ్ళీ తిరిగొచ్చి కూర్చుంది. చెట్టుకీ చెట్టుకీ మధ్య మట్టిలో పుట్టగొడుగుల దారాలు కబుర్లు మోస్తాయో లేదో ఆవిడకి తెలియదు. ఈ ఇంట్లో మాత్రం మోసేది తనే. మోసినందుకు ఆ దారాలకి చెట్ల నుంచి కాస్త చక్కెరైనా ముడుతుందట.

"సాయంత్రం సభలో ఏం చెప్పబోతోందో అడుగు."

"అడగక్కర్లేదు, వినబడింది," అంది లరీసా. "సోమవారం కంపెనీ లాయరు చదివిందే నేనూ చెబుతాను. రాసింది నేనే కదా. కాకపోతే అతను సగం చదివి ఆపేశాడు. నేను మొత్తం చదువుతాను."

"మొత్తం చదివితే చెట్లు బతుకుతాయేమో అడుగు."

"నాన్నా!"

డంకన్ చెంచా కింద పెట్టాడు. వెన్నలో మునిగిన క్యాబేజీ ముక్కనే చూస్తూ కూర్చున్నాడు. ఆ ముక్కకి కూడా తనంటే గౌరవం పోయిందన్నట్టు.

సోమవారం జరిగింది చిన్న విషయం కాదు. వాగు పైనున్న పాత అడవిని నరకడానికి కంపెనీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని విచారణ సంఘం వచ్చి ఊరి హాలులో కూర్చుంది. డంకన్ లేచాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ బడిలో సైన్సు చెప్పిన గొంతు అది, మైకు అక్కర్లేదు. పెద్ద చెట్లు మట్టిలోని దారాల గుండా పిల్ల చెట్లకి తిండి పంపుతాయని చెప్పాడు. తమ బిడ్డలెవరో వాటికి తెలుసన్నాడు. తల్లిని నరికితే బిడ్డలు మిగలవన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళు ముక్కు తుడుచుకున్నారు.

అప్పుడు కంపెనీ లాయరు కళ్ళజోడు సర్దుకుని ఒక వ్యాసం తీశాడు. అడవిలో నిజంగా అలా జరుగుతోందనడానికి గట్టి రుజువు ఇంతవరకూ లేదని అందులో ఉంది.

"ఇది రాసినావిడ ఈ ఊరి ఆడపడుచే," అన్నాడు లాయరు. "డాక్టర్ లరీసా టలక్."

హాలంతా తల తిప్పి డంకన్‌ని చూసింది. పాలీ మాత్రం తన బూట్లు చూసుకుంది. ఆ బూట్లు ఎక్కడెక్కడ పగిలాయో ఆవిడ ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ మర్నాడే సంఘంవాళ్ళు లరీసాని స్వయంగా రమ్మని కబురు పెట్టారు.

"నేను చెట్లు నరకమన్నానా?" లరీసా ఈసారి తల్లి వైపు కాక సూటిగా తండ్రి వైపే తిరిగింది. "ఆ వాలు మీద చెట్లు కొట్టేస్తే మొదటి పెద్ద వానకే మట్టి జారి వాగులో పడుతుంది. మన కుళాయిలో వచ్చేది ఆ వాగు నీళ్ళే. అక్కడ గుడ్లగూబలున్నాయి. ఎండాకాలం ఊరికి చల్లదనం అక్కణ్ణుంచే. ఇవన్నీ కొలిచి చూపించగలిగినవి. చేతిలో నిజాలు పెట్టుకుని కథలెందుకు నాన్నా?"

"మట్టి జారుతుందని చెబితే ఎంతమంది ఏడుస్తారు?"

"ఏడవడమెందుకు?"

"ఏడిస్తేనే వస్తారు కాబట్టి!" డంకన్ బల్ల మీద చెయ్యి వేశాడు. "ఏళ్ళ తరబడి మట్టి గురించే చెప్పాను. అడుగు మీ అమ్మని. సభకొచ్చేది నేనూ, మీ అమ్మా, హాలు తాళం తీసే ఆయనా. ఆయన కూడా ఎప్పుడు ముగిస్తారా అని గడియారం చూసుకునేవాడు. అమ్మ చెట్టు అన్నాక కుర్చీలు చాలలేదు."

ఇది నిజమే. ఆ రోజుల్లో పాలీ ముందు వరసలో ఒక్కత్తే కూర్చుని, హాలు నిండినట్టు కనబడాలని పక్క కుర్చీల మీద కోటూ, సంచీ, గొడుగూ పరిచేది.

"కుర్చీలు నిండితే నిజమైపోతుందా?"

"నువ్వు సైంటిస్టువైందే ఆ చెట్టు కింద. ఇవాళ దాని వేరే కోస్తున్నావు."

లరీసా రొట్టె తుంచి, తినకుండా, ఆ ముక్కని ఇంకా చిన్న ముక్కలు చేసింది. చిన్నప్పుడూ అంతే. కోపమొస్తే మాట్లాడేది కాదు, రొట్టె శిక్ష అనుభవించేది.

తలుపు తట్టకుండానే మురియల్ లోపలికొచ్చింది. పక్కింటావిడ. చేతిలో రేగుపళ్ళ కేకు, మెడలో ఆకుపచ్చ ఊలు మఫ్లరు. అలాంటి మఫ్లరే ఒకటి పెరటి చివర అమ్మ చెట్టు మొదలుకీ కట్టింది. ఆ చెట్టు నడుము చుట్టూ రావడానికి మురియల్ చలికాలమంతా అల్లింది. ఆ డగ్లస్ ఫర్ చెట్టు దగ్గర్నుంచే అడవి మొదలై వాగు పైదాకా పోతుంది.

"పాలీ, సోమవారం నుంచి చెట్టు నాతో మాట్లాడటం లేదు," అంది మురియల్ కేకు బల్ల మీద పెడుతూ.

"మా ఇంట్లోనూ అంతే," అంది పాలీ. "కూర్చో. కాఫీ తాగుతావా?"

"నవ్వులాట కాదు. చెవి ఆనించి అరగంట నిలబడ్డాను. ఒక్క చప్పుడు లేదు."

పాలీ కాఫీ పోస్తూ తల వంచుకుంది. డంకన్ ఆదివారాల్లో పైఊళ్ళ వాళ్ళని అడవిలోకి తీసుకెళ్ళి చెట్లకి చెవి ఆనించమంటాడు. ఒకసారి టొరంటో నుంచి వచ్చినావిడ, అమ్మ గుండె చప్పుడు వినబడుతోందని ఏడ్చేసింది. అది వెనక షెడ్డులో నీళ్ళ పంపు. పాలీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పంపు ఆపనూ లేదు. ఆ రోజు దుప్పట్లు ఉతికే రోజు. ఈ వారం ఇంట్లో ఎవరికీ బట్టలు ఉతికే మనసు లేదు కాబట్టి అమ్మ గుండె కూడా ఆగిపోయినట్టుంది.

మురియల్ లరీసా వైపు తిరిగింది. "ఏమే పిల్లా. ఇంత ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును నిన్ను. చిన్నప్పుడు నీ ప్రయోగం మొక్కలకి పేర్లు కూడా పెట్టావు. మీ అమ్మ పాత మేజోళ్ళలో వాటి వేళ్ళు కట్టి, ఆ చెట్టు చుట్టూ నాటలేదూ? ఎండలు మండిపోయిన ఏడు. రేకు డబ్బాల్లో పెట్టినవన్నీ మాడిపోయాయి. మేజోళ్ళలోవి పచ్చగా నిలబడ్డాయి. పేపర్లో నీ ఫోటో నేనింకా ఫ్రిజ్జుకే అంటించుకున్నాను."

"గుర్తుంది ఆంటీ."

"మరి ఇవాళ ఆ కంపెనీ వాడి పక్కన నిలబడి మా అమ్మకి బుర్ర లేదంటావా?"

"ఎవరి పక్కనా నిలబడను ఆంటీ. మైకు ముందు నిలబడతాను. బుర్ర ఉందో లేదో మనకింకా తెలియదు అంటాను."

"మాకు తెలుసు," అంది మురియల్.

డంకన్ లేచాడు. "రేగుపళ్ళ కేకు చాలా బాగుంది మురియల్," అని, ఇంకా కోయని కేకుని మెచ్చుకుని, కారు షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

మురియల్ వెళ్ళాక లరీసా గిన్నెలు కడిగింది, పాలీ తుడిచింది. కిటికీలోంచి అమ్మ చెట్టు కనబడుతోంది, ఎక్కడో తగలబడుతున్న అడవుల పొగలో సగం చెరిగిపోయి. మఫ్లరు ఒక్కటే స్పష్టంగా ఉంది.

"నాకొకటి చెప్పు," అంది పాలీ. "అంతమంది పెద్దవాళ్ళు రాశారు కదా. అందరూ అబద్ధాలు రాస్తారా?"

"అబద్ధం ఎవరూ రాయలేదమ్మా. అదే కదా బాధ." లరీసా నురగ చేతులతో గాల్లో గీత గీసింది. "మొదట ఒకాయన 'ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి ఆహారం అందవచ్చు' అని రాశాడు. మంచి పనే, జాగ్రత్తగానే చేశాడు. అది చదివి రాసినావిడ 'అందుతుంది' అని రాసింది. దాన్ని చదివి రాసినవాడు 'తల్లి చెట్టు పిల్లకి పంపుతుంది' అన్నాడు. నాన్న దగ్గరికొచ్చేసరికి అమ్మ పాలిస్తోంది. మధ్యలో పోయింది చిన్న ముక్క. 'వచ్చు'. నేను చేసిందల్లా ఆ 'వచ్చు' ఎక్కడ జారిపోయిందో వెనక్కి నడిచి వెతకడం."

"దొరికిందా?"

"దొరికింది. తెచ్చి పెట్టబోతే ఇంట్లో చోటు లేదంటున్నారు."

పాలీకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. 'వచ్చు' లేకుండా మాట్లాడే మనిషిని ప్రేమించే తను పెళ్ళి చేసుకుంది. ఆ రోజుల్లో డంకన్ 'వాన రావచ్చు' అని కూడా అనేవాడు కాదు. వస్తుంది అనేవాడు. రాకపోతే ఆకాశానిదే తప్పు.

"అమ్మా, ఒక్క సాయం చెయ్యి." లరీసా కుళాయి కట్టేసింది. "నాన్న సభలో ఏమైనా చెప్పనీ. పుస్తకాల్లోవి చెబితే నేను మర్యాదగా జవాబిస్తాను. ఇంకా తెలియదు, తెలిసేదాకా నరక్కండి అంటాను. తెలియకపోవడం కూడా ఆపడానికి మంచి కారణమే. కానీ నా చిన్నప్పటి మొక్కల సంగతి మాత్రం ఎత్తకుండా చూడు."

"ఎందుకు?"

"ఎత్తితే ఆ లాయరు నా వైపు తిరుగుతాడు. మీరే చేశారు కదా, మీరేమంటారు అంటాడు. రేకు డబ్బాలో మొక్క ఎండకి ఉడికిపోయింది, అంతే. తల్లికి దూరమై చావలేదు. అది చెప్పక తప్పదు. ఊరందరి ముందు నాన్నని నేను..." లరీసా ఆగింది.

"మరి మేజోళ్ళలోవి? అవి బతికాయి కదా."

లరీసా కిటికీలోంచి చెట్టు వైపు చూసింది.

"అవే నాకూ అంతుపట్టలేదమ్మా. నీ మేజోళ్ళ అల్లిక ఎంత సన్నం! వేరు దూరదు, పుట్టగొడుగు దారం మాత్రమే దూరుతుంది. వేరు బయటికి పోనిదే ఆ గుప్పెడు మట్టిలో అంత ఎండని ఎలా తట్టుకున్నాయి? ఇన్నేళ్ళూ నా లెక్కలన్నీ ఒక పక్కా, ఆ నాలుగు మొక్కలూ ఇంకో పక్కా. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఎక్కడో లోపల, నాన్నే కరెక్టేమో అనిపిస్తుంది. అసలు నేను ఈ చదువు చదివిందే ఆ నాలుగు మొక్కల కోసం."

చేతులు తుడుచుకుని పైకెళ్ళిపోయింది, సభకి బట్టలు మార్చుకోవడానికి.

పాలీ కారు షెడ్డులోకి వెళ్ళేసరికి డంకన్ పనిబల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఎదురుగా పాత బిస్కెట్ల రేకు పెట్టె, మూత తీసి ఉంది. పక్కన ఒక ఫోటో. అందులో పదేళ్ళ లరీసా, పళ్ళ మధ్య సందుతో, చేతిలో మొక్క.

"డంకన్, ఆ మొక్కల సంగతి ఇవాళ వద్దు."

"అదే నా ఆఖరి అస్త్రం, దాన్నే వదిలెయ్యమంటావా?"

"పుస్తకాల్లోవి చెప్పు. చాలా ఉన్నాయిగా."

"పుస్తకాల్లోవి అది ఒక్కొక్కటే పీకి పడేస్తుంది. దానికి నోరుంది, చదువుంది. చదివించింది మనమే." ఆ మాటలో కోపం కంటే గొప్పే ఎక్కువ వినబడింది. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. "కానీ దీన్ని పీకలేదు. ఇది దాని చేత్తో చేసింది. సంచి సభలో చూపిస్తాను. ఆ మొక్క ఇవాళ ఎంత చెట్టయిందో ఫోటో చూపిస్తాను. వేరు దూరని సంచిలోంచి ఏం దూరింది బాబూ అని ఆ లాయరునే అడుగుతాను. ఇంక మాట పెగలదు వాడికి."

పెట్టెలోంచి ఒక సంచి తీశాడు, ప్రయోగం అయ్యాక మట్టిలోంచి తీసి దాచినవాటిలో ఒకటి. కాఫీ రంగు నైలాన్ మేజోడు. మట్టి పట్టి, పెట్టెలో ఏళ్ళ తరబడి పడుకుని, గట్టిబడి ఉంది. పండగనాడు బీరువాలోంచి తీసిన పట్టుబట్టలా రెండు చేతుల మీదా పెట్టుకుని పట్టుకున్నాడు.

"ఒకటే చిక్కు. అడుగున ఎలుక కొరికినట్టుంది. వాడు దాన్నే పట్టుకుంటాడు. నీ కుట్టు పడితే కనబడదు. కాస్త కుట్టిపెట్టు పాలీ."

పాలీ మేజోడు అందుకుంది. వెలుతురులోకి తిప్పింది.

ఎలుక కొరికితే పోగులు పీకి ఉంటాయి. ఈ చిల్లుకి పోగుల్లేవు. బొటనవేలి పక్కన అడ్డంగా, తిన్నగా, నీటుగా తెగి ఉంది. కత్తెర గాటు. దానికి పైన, పాతకాలపు ముడి ఒకటి ఎన్నో ఏళ్ళు బిగిసి ఉండి విప్పిన చోట, నైలాను ఇంకా ముడతబడే ఉంది.

ఆవిడ అమ్మమ్మ రష్యా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టింది. వాళ్ళ ఇళ్ళలో ఏదీ పారేయరు. ఉల్లిపాయలు ఎండాక చిరుగుపట్టిన మేజోడులో ఒక ఉల్లిపాయ, ఒక ముడి, ఇంకో ఉల్లిపాయ, ఇంకో ముడి, అలా నింపి నేలమాళిగలో మేకుకి వేలాడదీస్తారు. వంటకి కావాల్సినప్పుడు ముడి కోయరు, కోస్తే మేజోడు పొట్టిదైపోతుంది. ముడి కింద పక్కన చిన్న గాటు పెట్టి ఉల్లిపాయని బయటికి నొక్కుతారు. ఆ మేజోడే మరుసటేడూ పనికొస్తుంది.

లరీసా ప్రయోగం చేసిన ఆ వసంతంలో పాలీ చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నప్పుడు, పాత మేజోళ్ళేమైనా ఉన్నాయా అని డంకన్ వంటింటి గుమ్మంలోంచి కేకేశాడు. మాళిగలో మేకుకి ఉన్నాయి, తీసుకో అంది. అంతే. అతను తీసుకున్నాడు. చూసుకోలేదు. మేజోడు అడుగున గాటుంటుందని ఉల్లిపాయ కోసేవాళ్ళకి తెలుస్తుంది గానీ, తినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

పాలీ పెట్టెలోంచి రెండో మేజోడు తీసింది. మూడోది తీసింది. అన్నింటికీ అదే చోట, అదే గాటు. ఒక గాటుకైతే వేరు దూరి బలిసినంత మేర అంచు సాగి, గోధుమరంగు మరక పడి ఉంది.

"డంకన్," అంది. "ఇది ఎలుక..."

"ఊఁ?"

తల ఎత్తి చూశాడు. ఎండవేళ బడి గంట కొట్టాక, ఇంకొక్క ప్రయోగం చూపిస్తాను ఆగండర్రా అని పిల్లల్ని బతిమాలే ముఖం అది. ఈ వారం రోజుల్లో ఆ ముఖంలో ఆశ కనబడటం ఇదే మొదటిసారి.

"షెడ్డులో ఎలుకలు మరీ ఎక్కువైపోయాయి," అంది పాలీ.

"అదే నేనూ అంటున్నాను. మందు పెట్టాలి," అన్నాడు డంకన్. "నేను కారు తీస్తాను. నువ్వు త్వరగా కానీ."

వంటింటి కిటికీ దగ్గర కూర్చుని పాలీ కాఫీ రంగు దారం ఎక్కించింది. మొదటిసారి సూది బెజ్జం దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. మూడోసారికి దొరికింది, దొరక్కపోతే బాగుండు అని చూస్తుంటే.

కుట్టకపోతే ఆ లాయరు చిల్లులో వేలు పెట్టి ఊరందరికీ చూపిస్తాడు. కుడితే, తన కుట్టు కనబడదు. కనబడకపోవడమే ఆ కుట్టు గొప్ప. పెళ్ళయిన కొత్తలో మొగుడి చొక్కా కుట్టి ఇస్తే, కొత్తదా అని అడిగాడు. అప్పుడు పొంగిపోయింది.

ఒక కుట్టు వేసింది. ఇంకోటి వేసింది.

"అమ్మా, నా నీలం కోటు..."

లరీసా గుమ్మంలో ఆగిపోయింది. పాలీ మేజోడు ఒళ్ళో దాచలేదు. దాచడానికి టైమున్నా దాచేది కాదేమో. చేతులు వాటంతటవే పైకి లేవలేదు, కిందికీ దిగలేదు.

లరీసా దగ్గరికొచ్చి వంగింది. వేలితో తాకలేదు, చూసిందంతే. అది ఎన్నో మట్టి సంచుల్ని చూసిన చూపు. తర్వాత ఆ చూపు మారింది. పదేళ్ళ పిల్ల చూపైంది.

"మాళిగ మెట్ల దగ్గర చీకటి," అంది నెమ్మదిగా. "కత్తెర ఇచ్చి పంపేదానివి. నాకు భయమేసేది. ఒక్క ఉల్లిపాయ తెచ్చి పరిగెత్తుకొచ్చేదాన్ని. పైనుంచి కేకేసేదానివి. పక్కన కొయ్యి, ముడి కొయ్యకు..."

పాలీ సూది అక్కడే ఆగింది.

"ఇవి ఉల్లిపాయల మేజోళ్ళు."

"అవును."

"అన్నీనా?"

"అన్నీ."

లరీసా బల్ల పక్కన కుర్చీలో కూర్చుంది. బయట కారు ఇంజను స్టార్టయింది.

"అంటే వేళ్ళు బయటికి పోయాయి," అంది. "మామూలుగా. ఏ మొక్కకైనా పోయినట్టే. పోయి కింద తడి తాగాయి."

"అంటే చెట్టు ఏమీ పంపలేదంటావా?"

"పంపలేదని కాదమ్మా. పంపిందో లేదో ఈ మేజోడు చెప్పదు. ఎప్పుడూ చెప్పలేదు. మేమే విన్నాం." చిన్నగా నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఎటో పోయింది. "ఇన్నేళ్ళు దాన్ని మనసులో పెట్టుకున్నాను చూడు. ఒక్క రుజువైనా ఉందిలే అని. నా గాట్లే కావచ్చు ఇందులో సగం."

"నేను చూసివ్వాల్సింది."

"నీ చేతులు పిండిలో ఉండే ఉంటాయి."

పాలీ కూతుర్ని దగ్గరికి తీసుకుందామనుకుంది. ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో మేజోడు. ఏది కింద పెట్టాలో తెలియలేదు.

"నాన్నకి తెలుసా?"

"ఎలుక కొరికిందంటున్నాడు."

"చెప్పలేదా?"

"చెప్పబోయాను. ముఖం చూశాను. చెప్పలేకపోయాను. నువ్వు చెబుతావా?"

 ఇద్దరూ గాటునే చూస్తూ కూర్చున్నారు. సగం పూడింది. సగం తెరుచుకునే ఉంది.

బయట హారన్ మోగలేదు. బదులు, వసారాలో బూట్ల చప్పుడైంది. డంకన్ లోపలికొచ్చాడు. గుండీలన్నీ పెట్టిన తెల్ల చొక్కా, నీళ్ళతో అణచిన జుట్టు. కూతుర్ని చూసి ఆగాడు. అలవాటుగా పాలీ వైపు తిరిగాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.

తర్వాత పాలీని దాటి, తిన్నగా కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"లరీసా," అన్నాడు.

సోమవారం తర్వాత ఆ పేరు అతని నోట్లోంచి రావడం ఇదే మొదటిసారి. 

"కారులో కూర్చుని ఆలోచించాను. నీతో ఇన్ని రోజులూ... నేనలా మాట్లాడకుండా ఉండాల్సింది కాదు. నీకేం తోస్తే అది చెప్పు ఇవాళ. వ్యాసం మొత్తం చదువు. నేను అడ్డు రాను. నువ్వు రాసిందని తెలిసిన రోజు కోపంలోనూ రెండుసార్లు చదివాను. బాగా రాశావు."

"నాన్నా..."

"ఆగు. ఒక్కటే అడుగుతాను." డంకన్ చెయ్యి చాచి, పాలీ ఒళ్ళోని మేజోడు చూపించాడు. "ఆ సంచి నేను చూపించను. ప్రయోగం నీది. నాది కాదు. ఇన్నేళ్ళూ నాదన్నట్టు చెప్పుకు తిరిగాను, తప్పే. నువ్వే పట్టుకో. నువ్వే పైకెత్తి చూపించు. అందులో ఏముందో నీ నోటితో చెప్పు. నువ్వేం చెబితే అదే నాకూ నిజం. అదొక్కటి చెయ్యి, చాలు నాకు."

లరీసా తల్లి వైపు చూసింది. చిన్నప్పుడు మాళిగ మెట్ల మీద నిలబడి, కింద చీకట్లోకి దిగాలా వద్దా అని పైకి చూసిన చూపే అది. అప్పుడైతే పాలీ లైటు వేసేది.

డంకన్ చెయ్యి ఇంకా చాచే ఉంది.

లరీసా లేచి, మేజోడు అందుకుంది. అది పాలీ ఒళ్ళోంచి కదిలింది. సూది కూడా దానితో పాటే కదిలి, సగం కుట్టు చివర వేలాడింది. ముగ్గురి మధ్యా కాఫీ రంగు దారం బిగిసింది. దాని రెండో కొస పాలీ వేళ్ళ మధ్యే ఉంది.

"తెంపెయ్ పాలీ," అన్నాడు డంకన్ నవ్వుతూ. "ఆలస్యమవుతోంది."